"తిరిగి ఎంతొస్తది?" అని అడిగి కొనే బీమా

సంపాదకులకు నమస్కారం.

పత్తి అమ్మిన పైసలు చాలా ఇళ్ళల్లో ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల రాక మొదలైంది. హనుమకొండలో ఉద్యోగులు పన్ను లెక్కలు వేసుకుంటున్నారు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో జీవిత బీమా కాగితాలు ఇంటింటికీ తిరిగే కాలం ఇదే. మార్చి ఆఖరు దాకా ఈ జోరు తగ్గదు. ఇప్పుడు పెట్టిన సంతకం ఇరవై ఏళ్ళు ఇంటి మీద ఉంటుంది. ఆ సంతకం దాకా మనం ఎట్లా వస్తున్నామో, ఎక్కడ దెబ్బతింటున్నామో వివరంగా రాస్తున్నాం. దయచేసి ప్రచురించగలరు.

మిర్చి కొనే ఖరీదుదారు బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి కాయ తీస్తాడు. తేమ చూస్తాడు, తాలు చూస్తాడు, ఆ తర్వాతే ధర చెప్తాడు. అమ్మే రైతుకూ ఆ పరీక్ష తెలుసు. అదే రైతు బీమా దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే అడుగుతాడు: "కట్టింది తిరిగి ఎంతొస్తది?" అమ్మేవాళ్ళూ ఒక్కటే అడుగుతారు: "నెలకు ఎంత కట్టగలవు?" ఈ రెండు ప్రశ్నల మధ్యనే బేరం ముగుస్తుంది. మనిషి పోతే ఇంటికి ఎంత కావాలి అన్న మూడో ప్రశ్న అసలు పుట్టదు. బీమా ఉన్నదే ఆ ప్రశ్న కోసం.

అది ఎందుకు పుట్టదో అర్థం చేసుకోవచ్చు. చావు మాట ఇంట్లో ఎత్తడం అశుభం అనుకుంటాం. "నేను పోయినంక వచ్చే పైసలు నాకెందుకు" అనే మాట ప్రతి ఊళ్ళో వినిపిస్తుంది. పైగా అడిగేది పరాయివాళ్ళు కాదు. బావమరిదో, పిల్లల సారో, పక్కింటి చెల్లెలో ఏజెంటు అయి ఉంటారు. "కాదంటే ఏమనుకుంటడో" అన్న మొహమాటం సంతకం పెట్టిస్తుంది. ఆ మొహమాటం మొదటి కిస్తు దాకా నిలుస్తుంది, రెండో ఏడాది నిలవదు. ఇంకొందరు ఏజెంట్లు "మొదటి కిస్తు నేనే కడతా" అంటారు. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అట్లా ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. జరిమానా 10 లక్షల దాకా ఉండవచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, మొదటి ఏడాది తన జేబులోంచి పైసా తియ్యని మనిషి రెండో ఏడాది కట్టడం అరుదు. పాలసీ అక్కడే ఆగిపోతుంది.

ఇక "తిరిగి ఎంతొస్తది" లెక్కకు వద్దాం. ముప్పై ఏళ్ళ మనిషి 20 ఏళ్ళకు 10 లక్షల ఎండోమెంట్ పాలసీ (గడువు తీరాక సొమ్ము తిరిగి వచ్చేది) తీసుకున్నాడని, ఏటా 50 వేలు కడుతున్నాడని అనుకుందాం. కంపెనీ ఆ 10 లక్షల మీద వెయ్యికి 45 రూపాయల చొప్పున బోనస్ ప్రకటిస్తే ఏటా 45 వేలు జమవుతుంది, ఇరవై ఏళ్ళకు 9 లక్షలు. అసలు 10 లక్షలతో కలిపి 19 లక్షలు వస్తుంది. కట్టింది 10, వచ్చింది 19. వినగానే దాదాపు రెండింతలు అనిపిస్తుంది. కానీ ఈ బోనస్ మీద మళ్ళీ బోనస్ రాదు. ఏ ఏడాది కట్టిన సొమ్ము ఎన్నేళ్ళు వాళ్ళ దగ్గర ఉందో చూసి లెక్క కడితే ఏడాదికి సుమారు 5.75 శాతం తేలుతుంది. మన ఊళ్ళ లెక్కలో నూటికి నెలకు 48 పైసలు. అర్ధ రూపాయి వడ్డీ కూడా నిండలేదు. అదే మనిషి జూన్‌లో విత్తనాలకు, ఎరువు బస్తాలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. అంటే ఏడాదికి 24 శాతం. 24 శాతం అప్పు నెత్తిన ఉండగా 6 శాతం కూడా రాని చోట ఏటా 50 వేలు వేస్తున్నాడు. కొందరైతే కిస్తు కట్టడానికే ఆ అప్పు తెస్తున్నారు.

ఎండోమెంట్ మోసమని మేము అనడం లేదు. సొమ్ము భద్రంగా ఉంటుంది, మధ్యలో చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. చేతిలో ఉంటే ఖర్చైపోతుందనుకునే ఇంటికి అది పనికొచ్చే పొదుపే. అయితే ముందు కొనాల్సింది అది కాదు. ఆ పొదుపుతో వచ్చే రక్షణ 10 లక్షలు మాత్రమే, ఇంటికి కావాల్సింది దానికి మూడు నాలుగింతలు ఉంటుంది.

ఎంత కావాలో ఒక తెల్లకాగితం మీద రాస్తే పావుగంట పని. నర్సంపేట వైపు పత్తి, వరి వేసే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. బ్యాంకు పంట అప్పు 2 లక్షలు, బయటి అప్పు 3 లక్షలు, బంగారం మీద తెచ్చింది లక్ష, కలిపి 6 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 15 వేలు, ఏడాదికి లక్షా 80 వేలు. చిన్న బిడ్డకు ఇప్పుడు 8 ఏళ్ళు. తన కాళ్ళ మీద నిలబడే 22 ఏళ్ళ దాకా ఇంకా 14 ఏళ్ళు, అంటే 25 లక్షల 20 వేలు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళకు 8 లక్షలు. మొత్తం 39 లక్షల 20 వేలు. ధరలు పెరుగుతాయి నిజమే, బ్యాంకులో వేసిన సొమ్ముకు వడ్డీ కూడా వస్తుంది కాబట్టి ఆ రెండూ చెల్లుకు చెల్లు అనుకోవచ్చు. ఇందులోంచి ప్రభుత్వ రైతు బీమా 5 లక్షలు, బ్యాంకు ఖాతా నుంచి కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి 2 లక్షలు తీసేస్తే సుమారు 32 లక్షలు మిగులుతుంది. భూమి విలువను ఈ లెక్కలో కలపవద్దు. ఆ భూమి అమ్ముడుపోకుండా నిలబెట్టడానికే కదా ఈ బీమా అంతా.

32 లక్షలు కావాల్సిన ఇంటికి ఏ పాలసీ సరిపోతుంది? గడువు తీరాక ఏమీ తిరిగి ఇవ్వకుండా, మనిషి పోతేనే ఇచ్చే టర్మ్ పాలసీ ఒక్కటే. ఆరోగ్యంగా ఉండి, పొగాకు అలవాటు లేని ముప్పై ఏళ్ళ మనిషికి 50 లక్షల టర్మ్ కిస్తు ఏడాదికి ఎండోమెంట్ కిస్తులో చిన్న వంతు. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మూడు నాలుగు చోట్ల అడిగి చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా కిస్తుల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు టర్మ్ మీద 18 శాతం ఉండేది. "ఏం కాకపోతే పైసలన్నీ పాయె గదా" అని వెనక్కి తగ్గేవాళ్ళు ఒక్కమాట ఆలోచించాలి. ట్రాక్టరుకు కట్టే బీమా ఏడాది చివర తిరిగి రావాలని ఎవరం అడగం. ఇంటిని నడిపే మనిషి దగ్గరే ఆ పట్టింపు ఎందుకు?

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. దాని గురించి ఎవరూ రాయడం లేదు. పెద్ద మొత్తం టర్మ్ ఇవ్వడానికి కంపెనీలు జీతం కాగితమో ఐటీ రిటర్నో అడుగుతాయి, చదువు కూడా చూస్తాయి. రైతుకు, హమాలీకి, ఆటో నడిపేవాళ్ళకు, చిన్న కిరాణం పెట్టుకున్నవాళ్ళకు అవి ఉండవు. ఇట్లాంటివాళ్ళ కోసమే బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2021 జనవరి 1 నుంచి సరళ్ జీవన్ బీమా అనే ప్రామాణిక టర్మ్ పాలసీ తెచ్చింది. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా, 18 నుంచి 65 ఏళ్ళ వయసువాళ్ళకు, వృత్తి, చదువు, ఉండే ఊరు చూసి నిరాకరించకుండా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. మొదటి 45 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది. కిస్తు మామూలు టర్మ్ కన్నా ఎక్కువ. ఏజెంట్లు తమంతట తాము దీని పేరు ఎత్తడం తక్కువ, పేరు పెట్టి అడగాలి. పోస్టాఫీసులో గ్రామీణ తపాలా జీవిత బీమా 1995 నుంచి ఉంది, 10 లక్షల దాకా ఇస్తారు. అది కూడా పొదుపుతో కలిసినదే అయినా ఊళ్ళోనే కట్టే వీలుంటుంది.

కిస్తు తేదీ గురించి కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. పాలసీలు ఆగిపోవడానికి మాత్రం అదే పెద్ద కారణం. జూలైలో తీసుకున్న పాలసీకి ప్రతి ఏటా జూలైలోనే కిస్తు పడుతుంది. అప్పుడు పత్తి రైతు చేతిలో పైసా ఉండదు. పత్తి రైతుకు డిసెంబర్, జనవరి, మిర్చి రైతుకు మార్చి, ఏప్రిల్ అనువైనవి. అదే ఆర్థిక సంవత్సరంలో కొంత వెనక్కి జరిపి పాలసీ మొదలుపెట్టే వీలు కొన్ని పాలసీల్లో ఉంటుంది, అడగాలి. ఏడాదికో, ఆర్నెల్లకో, మూడు నెలలకో కట్టేవాటికి తేదీ దాటినా 30 రోజుల గడువు ఉంటుంది. నెలనెలా కట్టేవాటికి 15 రోజులే. ఆ గడువులో మనిషి పోయినా సొమ్ము వస్తుంది, దాటితే టర్మ్‌లో ఏమీ రాదు. ఆగిపోయిన మామూలు పాలసీని 5 ఏళ్ళలోపు మళ్ళీ నడిపించుకోవచ్చు, యూలిప్ (మార్కెట్ పెట్టుబడితో ముడిపడిన బీమా) అయితే 3 ఏళ్ళలోపు. కిస్తు సొమ్ము నగదుగా ఎవరి చేతికీ ఇవ్వవద్దు. బ్యాంకు నుంచో, ఫోన్ నుంచో, ఆఫీసు కౌంటర్‌లోనో కట్టి రసీదు ఉంచుకోవాలి.

పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు ఏజెంటు వరసగా "లేదు" అని గీసేస్తాడు, మనం సంతకం పెడతాం. క్లెయిములు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర షుగర్ గోళీలు తెచ్చుకునే మనిషి తనను రోగి అనుకోడు. బీడీ, గుట్కా, అంబర్ అలవాటును చెప్పాల్సిన సంగతి అనుకోడు. టర్మ్ పాలసీకి చేసే మూత్ర పరీక్షలో నికోటిన్ బయటపడుతుంది, గుట్కాదైనా సరే. మూడేళ్ళలోపు మరణిస్తే కంపెనీ మనిషి వచ్చి ఆసుపత్రి రికార్డులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, మందుల చీటీలు అన్నీ వెతుకుతాడు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళు నిండాక ఏ కారణం చేతా పాలసీని ప్రశ్నించడానికి లేదు. అయితే ఆగిన పాలసీని మళ్ళీ నడిపిస్తే ఆ మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. ఈ సంగతి చాలామంది ఏజెంట్లకే తెలియదు. షుగర్, బీపీ ఉందని రాస్తే చాలాసార్లు కిస్తు కొంత పెరుగుతుంది, ఒక్కోసారి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. రాయకపోతే భార్యాపిల్లలకు రావాల్సింది మొత్తం పోయే ప్రమాదం ఉంది. తెలుగులో సంతకం చేసేవాళ్ళ, వేలిముద్ర వేసేవాళ్ళ ఫారంలో "నాకు చదివి వినిపించారు" అన్న వాక్యం ఉంటుంది. నిజంగా చదివి వినిపించేదాకా వేలు పెట్టవద్దు.

నామినీ సంగతి కూడా ఇట్లాంటిదే. పెళ్ళికి ముందు తీసుకున్న పాలసీలో తల్లి పేరు ఉంటుంది, పెళ్ళయ్యాక మార్చరు. మనిషి పోయాక అత్తాకోడళ్ళ మధ్య తగువు మొదలవుతుంది. మార్చడానికి ఒక ఫారం చాలు. మైనరు బిడ్డ నామినీ అయితే అపాయింటీ (బిడ్డ తరఫున సొమ్ము తీసుకునే పెద్దమనిషి) పేరు తప్పకుండా రాయాలి. నామినీ అయిన భార్య పేరు ఆధార్‌లో లచ్చవ్వ, పాస్‌బుక్‌లో లక్ష్మి అని ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. భర్త పోయాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆమెనే. బయటి అప్పులున్న వ్యాపారులు, అడ్తిదారులు పాలసీ తీసుకునే రోజే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించుకోవాలి. 1874 నాటి ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము భార్యాపిల్లలదే అవుతుంది, అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు. పాలసీ వచ్చాక దీన్ని చేర్చడం కుదరదు.

ప్రభుత్వ పథకాలున్నాయి కదా అని ధీమాగా ఉండేవాళ్ళు వాటి హద్దులు తెలుసుకోవాలి. రైతు బీమా 2018 ఆగస్టు నుంచి నడుస్తోంది, ఏ కారణంతో మరణించినా 5 లక్షలు. కానీ పట్టాదారు పాస్‌బుక్ ఉండాలి, వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. కౌలు రైతుకు అది లేదు. అప్పు ఎక్కువగా ఉండేది కౌలు రైతుకే. జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరాలి. ప్రమాద బీమా సురక్షకు 20 రూపాయలు. ఈ రెండూ మే నెలాఖరులో ఖాతా నుంచి పోతాయి. అప్పుడు ఖాతాలో సొమ్ము లేకపోతే బీమా ఆగినట్టే, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. జూన్ మొదటి వారంలో పాస్‌బుక్‌లో 436, 20 పడ్డాయో లేదో చూసుకోవాలి. మూడు బ్యాంకుల్లో మూడుసార్లు కట్టినా వచ్చేది ఒక్కసారే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలుంది. అది ప్రమాద మరణానికే. ఎండలో పనిచేసి గదిలో గుండె ఆగి పోయిన మనిషి ఇంటికి దాంట్లోంచి ఆ 10 లక్షలు రావు. గల్ఫ్‌కు పోయే ముందే ఇక్కడ టర్మ్ పాలసీ తీసుకోవడం అవసరం.

బ్యాంకు కౌంటర్ దగ్గర ఇంకొక జాగ్రత్త. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని పోయిన పెద్దవాళ్ళ చేతిలో పాలసీ బాండు పెడుతున్నారు. కాగితం మీద "ప్రీమియం" అని, "పాలసీ నంబర్" అని ఉంటే అది డిపాజిట్ కాదు. అప్పు కావాలంటే ఆ బ్యాంకు చూపించిన జీవిత బీమానే కొనాలన్న నిబంధన లేదు. ఉద్యోగులు కూడా "పన్ను మిగులుతుంది" అన్న మాటకు తొందరపడవద్దు. కొత్త పన్ను విధానంలో జీవిత బీమా కిస్తుకు పన్ను మినహాయింపు లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోండి.

బోనస్ వచ్చే పాలసీ అమ్మేటప్పుడు బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అనే కాగితం చూపించాలి. అందులో 4 శాతం, 8 శాతం అని రెండు వరసలుంటాయి. ఏజెంటు చదివేది 8 శాతం వరసే. ఆ 8 శాతం మీకొచ్చే వడ్డీ కాదు, కంపెనీ పెట్టుబడి మీద వేసుకున్న అంచనా, ఖర్చులు తియ్యకముందుది. 4 శాతం వరసలో ఉన్న మొత్తం మీకు సమ్మతమైతేనే సంతకం పెట్టండి.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళకు దారి ఉంది. బాండు చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో నచ్చలేదని రాసిస్తే కొద్దిపాటి ఖర్చులు తీసుకొని సొమ్ము తిరిగి ఇవ్వాలి. అందుకే బాండు వచ్చిన కవరు పారేయవద్దు, దాని మీద తేదీ ఉంటుంది. ఆ 30 రోజుల్లో బాండుతో వచ్చిన ప్రపోజల్ నకలు తీసి పేరు, పుట్టిన తేదీ, నామినీ, ఆరోగ్యం జవాబులు, ఎన్నేళ్ళు కట్టాలి అన్నవి చూడాలి. "ఐదేళ్ళు కడితే చాలు" అని విన్న పాలసీ బాండులో 15 ఏళ్ళు అని ఉండటం ఇక్కడే తెలుస్తుంది. ఆ గడువు దాటిపోయి, కట్టలేక ఇబ్బంది పడుతుంటే ఊరికే వదిలేయవద్దు. పెయిడప్ చేయించుకునే వీలుందేమో అడగండి. 10 లక్షల పాలసీలో 20 కిస్తులకు 5 కట్టి ఆపితే రక్షణ రెండున్నర లక్షలకు తగ్గుతుంది, అప్పటిదాకా జమైన బోనస్ నిలుస్తుంది, ఇక కట్టనక్కరలేదు. సరెండర్ చేస్తే (పాలసీని మధ్యలోనే వదులుకుంటే) ఎంతొస్తుందో రాతపూర్వకంగా తీసుకొని రెండూ పోల్చుకోండి. 2024 అక్టోబర్ నుంచి అమ్మే పాలసీల్లో మొదటి ఏడాది కిస్తు కట్టినవాళ్ళకు కూడా ఎంతో కొంత సరెండర్ విలువ ఉంటుంది. "ఇన్నేళ్ళు కట్టినం కదా" అన్న ఒక్క కారణంతో రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మిగతా కిస్తులు కట్టడం తగదు. పాతది ఆపేముందు కొత్త టర్మ్ బాండు చేతికి రావాలి. ఆ వరస తప్పితే మధ్యలో ఇంటికి ఏ రక్షణా ఉండదు.

కంపెనీ వినకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు చూడాలి. ఆ తర్వాత నియంత్రణ సంస్థ ఫిర్యాదుల విభాగం బీమా భరోసా నంబర్లు 155255, 1800 4254 732. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ తేలతాయి, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. "మీ పాలసీకి బోనస్ వచ్చింది, కొత్తది తీసుకుంటే ఇప్పిస్తాం" అని నియంత్రణ సంస్థ పేరుతో వచ్చే ఫోన్లు నమ్మవద్దు. ఆ సంస్థ బీమా అమ్మదు, బోనస్ పంచదు.

సంపాదకులకు ఒక విన్నపం. ఎనుమాముల, జమ్మికుంట, కేసముద్రం మార్కెట్ ధరలు మీరు రోజూ వేస్తారు, రైతులు ముందు తెరిచేది ఆ పేజీనే. జనవరి నుంచి మార్చి దాకా ఆ ధరల కింద మూడు వరసలు వేయండి: బాండు వచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చని, షుగర్, బీపీ, పొగాకు దాచవద్దని, ఫిర్యాదుకు 155255 అని. మే ఆఖరి వారంలో అదే చోట 436, 20 రూపాయల సంగతి గుర్తుచేయండి.

ఇట్లు,
బీమా లెక్కలు తెలిసిన కొందరు పాఠకులు,
హనుమకొండ